నీళ్ళలో బరువు లెక్క: వెచ్చని సముద్రంలో డైవింగుకు ఎలాంటి బీసీడీ కొనాలి?

(స్వర్ణోత్సవ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

స్వర్ణోత్సవ సంవత్సరంలో అందరం కలిసి అండమాన్ పోదామని సంఘం అనుకున్న సంగతి మీకు తెలుసు. పేర్లిచ్చినవాళ్ళలో సగంమంది స్కూబా డైవింగు చేస్తామన్నారు. అందులో కొందరికి ఇప్పటికే ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ ఉంది. ఇద్దరు ముగ్గురైతే సామాను కొనే పనిలో కూడా పడ్డారు. "అన్నా, ఏ జాకెట్ తీసుకోవాలె?" అని నాకు ఫోన్ల మీద ఫోన్లు. నా ఉద్యోగం పంపులు, వాల్వుల డిజైను. డైవింగు అలవాటై పద్నాలుగేళ్ళయింది. ఈ రెండూ కలిసినచోట ఈ ప్రశ్న ఉంది కాబట్టి, ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పేకంటే అందరికీ ఒకేసారి చెప్పమని కార్యదర్శి గారు ఇరవై నిమిషాలు ఇచ్చారు.

ఆ జాకెట్ అసలు పేరు బయన్సీ కంపెన్సేటర్. డైవర్లు దాన్ని ముద్దుగా బీసీ అంటారు. మన దగ్గర బీసీ అంటే వేరే అర్థం ఉంది కనుక నేను బీసీడీ అనే అంటాను. వీపు మీద గాలి సిలిండరును పట్టి ఉంచేది అదే. దానిలో ఒక గాలిసంచి ఉంటుంది. ఎడమ భుజం మీంచి వేలాడే గొట్టం చివర రెండు బటన్లుంటాయి. ఒకటి నొక్కితే సిలిండరులోంచి గాలి సంచిలోకి వస్తుంది, రెండోది నొక్కితే బయటకు పోతుంది. ఉన్నది అంతే. కూస్తో, గాన్యాన్ 1943లో ఆక్వాలంగ్ తయారు చేసినప్పుడు ఇది కూడా లేదు. సీసం కొంచెం అటూ ఇటూ చేసుకొని, మిగతాది ఊపిరితోనే సర్దుకునేవారు. తర్వాత ఫ్రాన్సులో ఫెంజీ మెడకు తగిలించుకునే సంచి తెచ్చాడు. ఇప్పటి జాకెట్టు రూపం 1970ల నాటిది.

ఇప్పుడు అసలు విషయం. కేటలాగు తెరవగానే మొదట కనబడేది లిఫ్ట్ అంకె. ఇది 15 కేజీలు, అది 18 కేజీలు, ఇంకోటి 20 కేజీలు. చైతన్యపురిలో కోచింగు సెంటర్ల హోర్డింగుల మీద ర్యాంకులు వేసినట్టు వేస్తారు. పెద్ద అంకె ఉన్నదే మంచిదని మనకూ అనిపిస్తుంది. ముఖ్యంగా మన వయసులో, ఇంట్లోవాళ్ళు భయపడుతుంటే, "ఎక్కువ తేలేదే తీసుకుందాం, క్షేమం గదా" అనుకుంటాం. ఆ ఆలోచనే తిరగబడి ఉంది. బీసీడీ లైఫ్ జాకెట్ కాదు. అది మనల్ని తేల్చడానికి పుట్టలేదు. డైవింగులో మారే బరువును మాత్రమే సరిదిద్దడానికి పుట్టింది. ఎంత బరువు మారుతుందో తెలిస్తే ఎంత సంచి కావాలో తెలుస్తుంది.

విశాఖ రామకృష్ణా బీచిలో కురుసుర జలాంతర్గామిని మీలో చాలామంది లోపలికెళ్ళి చూసే ఉంటారు. 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, 2002లో మ్యూజియం అయింది. దానిలో రెండు రకాల ట్యాంకులుంటాయి. పెద్ద బ్యాలస్ట్ ట్యాంకుల్లోకి నీళ్ళు వదిలితే ఓడ మునుగుతుంది, గాలితో ఆ నీళ్ళను తోసేస్తే తేలుతుంది. ఇవి కాక చిన్న ట్యాంకులు వేరే ఉంటాయి. ఇంధనం, తిండి, టార్పెడోలు ఖర్చయ్యేకొద్దీ మారే బరువును ఆ చిన్నవాటిలో నీళ్ళు ఎక్కించి, దించి సరిచూస్తారు. మన బీసీడీ ఆ చిన్న ట్యాంకు లాంటిది. దాన్ని పెద్ద ట్యాంకు అనుకొని కొనడంతోనే తిప్పలు మొదలవుతాయి.

ఏం మారుతుందో చూద్దాం. మొదటిది సిలిండరులో గాలి. గాలికి బరువుంటుందా అని ఏడో తరగతిలో అడిగితే మన సార్ పుల్లకు రెండు బుడగలు కట్టి, ఒకటి పిన్నుతో పొడిచి చూపించారు. గుర్తుందా? మన తీరాల్లో ఎక్కువగా ఇచ్చేది అల్యూమినియం సిలిండరు. లోపలి ఘనపరిమాణం సుమారు 11 లీటర్లు, నింపేది 200 బార్. అంటే మామూలు పీడనంలో 2200 లీటర్ల గాలి. లీటరుకు 1.2 గ్రాముల చొప్పున లెక్కేస్తే 2.6 కేజీలు. 50 బార్ మిగిలి ఉండగా పైకి రావాలి కాబట్టి, డైవు అయ్యేసరికి మనం పీల్చి వదిలేసింది దాదాపు 2 కేజీలు. దిగేటప్పుడు ఉన్న బరువు కన్నా వచ్చేటప్పుడు అంత తేలికవుతాం.

రెండోది ఒంటిమీది సూటు. అది రబ్బరు నురగ. దానిలోని చిన్న చిన్న గాలి గదులు లోతుకు పోయేకొద్దీ నలుగుతాయి. సముద్రంలో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. 20 మీటర్ల దగ్గర మొత్తం మూడు రెట్లు. చలిదేశాల్లో 7 మిల్లీమీటర్ల మందం సూటు వేసుకుంటారు కాబట్టి అక్కడ నష్టం చాలా కేజీలుంటుంది. పెద్ద లిఫ్ట్ అవసరం అక్కడివాళ్ళది. అండమాన్ నీళ్ళు 26 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటాయి. మనకు 3 మిల్లీమీటర్ల సూటు చాలు, కొందరు పల్చటి లైక్రా చొక్కాతోనే దిగుతారు. 3 మిల్లీమీటర్ల సూటు పైన ఒక 2 కేజీలు తేలుస్తుందనుకుంటే, 20 మీటర్ల దగ్గర అందులో కేజీ పైచిలుకు పోతుంది.

రెండూ కలిపితే మూడు, మూడున్నర కేజీలు. కేజీ తేలడానికి ఇంచుమించు ఒక లీటరు గాలి. అంటే వెచ్చని నీళ్ళలో, సీసం సరిగ్గా కట్టుకున్న మనిషికి అడుగున కావలసింది మూడున్నర లీటర్ల గాలి. రెండు పెద్ద కూల్‌డ్రింకు సీసాల్లో పట్టేంత కూడా కాదు. ఆ కేటలాగులో 18 కేజీలు దేనికో మీరే ఆలోచించండి.

ఎక్కువుంటే నష్టమేముంది, వాడుకోకుండా వదిలేస్తే సరిపోతుంది గదా అని అడగొచ్చు. సంచి పెద్దదైనంత మాత్రాన ప్రాణం పోదు, నిజమే. కానీ పెద్ద సంచి ఉన్నచోట ఎక్కువ సీసం దాక్కుంటుంది. రెండేళ్ళ కిందట మన బడివాడే ఒకాయన, పేరు చెప్పను, ఇక్కడే కూర్చొని నవ్వుతున్నాడు, ఒక తీరంలో డైవింగుకు పోయాడు. "బరువుంటే మునగడం సులువు సార్" అని అక్కడివాళ్ళు 10 కేజీల సీసం కట్టారు. ఆయనకు నాలుగైదు చాలు. 10 మీటర్ల దగ్గర రాయిలా దిగిపోతుంటే జాకెట్టు ఊదుకున్నాడు, నిలబడ్డాడు. ఏదో చేప కనబడి రెండు మీటర్లు పైకి లేచాడు. ఆ తర్వాత జరిగింది భౌతికశాస్త్రం.

బాయిల్ నియమం గుర్తు చేసుకోండి. 10 మీటర్ల దగ్గర పీడనం 2, 8 మీటర్ల దగ్గర 1.8. సంచిలో గాలి తొమ్మిదో వంతు వ్యాకోచిస్తుంది. సరైన సీసంతో ఉన్నవాడి సంచిలో 3 లీటర్లుంటే అది 300 గ్రాముల పైచిలుకు పైకి తోస్తుంది. ఒకసారి నిండుగా ఊపిరి వదిలితే సరిపోతుంది. 5 కేజీలు అదనంగా కట్టుకున్నవాడి సంచిలో 8 లీటర్లుంటుంది. అదే రెండు మీటర్లకు 900 గ్రాములు తోస్తుంది. అది ఊపిరితో ఆగదు. కొంచెం లేస్తే గాలి పెరుగుతుంది, గాలి పెరిగితే ఇంకా లేస్తాం. కంట్రోల్ ఇంజనీరింగు చదివినవాళ్ళకు ఇది పాజిటివ్ ఫీడ్‌బ్యాక్ అని వెంటనే తెలుస్తుంది. ఊళ్ళో బావిలో ఈత నేర్చుకున్నప్పుడు వీపుకు కట్టుకున్న బెండుకూ, ఎండు సొరకాయ బుర్రకూ ఈ గుణం లేదు. వాటి ఘనపరిమాణం మారదు. మెత్తటి సంచిలో గాలికి లోతునుబట్టి మారే బుద్ధి ఉంది.

మన మిత్రుడు అరుస్తూ పైకి తేలాడు. అరిచాడు కాబట్టి ఊపిరి బిగపట్టలేదు, బతికిపోయాడు. కింద పీల్చిన గాలిని బిగపట్టి లేస్తే ఊపిరితిత్తులు చిట్లవచ్చు. దానికి లోతు కూడా అక్కర్లేదు, ఈతకొలను లోతు చాలు. పైకి వచ్చే వేగం నిమిషానికి 9 మీటర్లు దాటకూడదంటారు. ఆయన ఆ 10 మీటర్లూ ఎన్ని సెకన్లలో వచ్చాడో ఆయన్నే అడగండి.

అందుకే బీసీడీ కొనే పని సీసం దగ్గర మొదలుపెట్టండి. డైవు ముగిసి, సిలిండరులో 50 బార్ ఉండగా, 5 మీటర్ల దగ్గర, సంచి పూర్తిగా ఖాళీ చేసి, మామూలుగా ఊపిరి పీలుస్తూ కదలకుండా నిలబడగలిగితే మీ సీసం సరిగ్గా ఉన్నట్టు. ఇంకా దిగిపోతుంటే ఒక కేజీ తీసేయండి. ఆ అంకెను డైవింగు డైరీలో రాసుకోండి, ఏ సూటుతో, ఏ సిలిండరుతో అని సహా. ఈ అంకె తెలియనివాడు ఎంత ఖరీదైన జాకెట్టు కొన్నా గుడ్డిగా కొన్నట్టే.

సంచి మరీ చిన్నదైనా కుదరదు. రెండు సందర్భాలు చూడాలి. పడవ వచ్చేదాకా నీటిపైన తల, భుజాలు బయట పెట్టుకొని తేలాలి. అలల్లో బీసీడీ విప్పి పడవవాడికి అందించాల్సివస్తే, మీరు లేకుండా సామాను తనంతట తాను తేలాలి. నిండు అల్యూమినియం సిలిండరు నీళ్ళలో ఒక ముప్పావు కేజీ మునిగే బరువు. రెగ్యులేటరు ఓ కేజీ. వెనక స్టీలు ప్లేటుంటే రెండున్నర, మూడు కేజీలు. జేబుల్లో సీసం ఇంకో మూడు. మొత్తం ఎనిమిదికి అటూ ఇటూ. కాబట్టి వెచ్చని నీళ్ళలో, ఒక్క అల్యూమినియం సిలిండరుకు 10 నుంచి 13 కేజీల లిఫ్ట్ ధారాళం. మరీ భారీకాయులకు, లేదా స్టీలు సిలిండరు వాడేవాళ్ళకు ఇంకొంచెం.

ఇక రకాలు. మామూలు జాకెట్ రకంలో గాలి వీపు మీద, పక్కల్లో, పొట్ట దగ్గర కూడా నిండుతుంది. నీటిపైన నిటారుగా హాయిగా నిలబెడుతుంది. అద్దెకిచ్చేవాళ్ళు ఎక్కువగా వాడేది ఇదే, నేర్చుకునేవాళ్ళకు బాగానే ఉంటుంది. నా ఫిర్యాదు రెండు. నిండా ఊదితే పొట్టను బిగిస్తుంది, మన పొట్టలకు అది అసలే ఇబ్బంది. రెండోది, లోపల మెత్తదనం కోసం పెట్టిన నురగ తనే తేలుతుంది. దాన్ని ముంచడానికి మళ్ళీ సీసం కట్టాలి. మెత్తగా ఉందని మురిసిపోయి ఇంట్లో అద్దం ముందు కొనుక్కొనేది ఇటువంటివే.

రెండో రకంలో గాలంతా వీపు వెనకే. నీళ్ళలో చేపలా అడ్డంగా ఉంచుతుంది, ముందు భాగం ఖాళీగా ఉంటుంది, పీల్చుకోవడం సులువు. నీటిపైన మాత్రం మూతి మీదికి తోస్తుందని కొందరు భయపెడతారు. అవసరానికి మించి ఊదినవాళ్ళకే అది జరుగుతుంది. సగం ఊది వెనక్కి వాలితే చాలు, పడక కుర్చీలా ఉంటుంది.

మూడోది ప్లేటూ వింగూ. ఒక లోహపు పలక, దానికి ఒకే పొడవు పట్టీతో కట్టిన హార్నెస్, వెనక రెక్కలాంటి సంచి. గుహల్లో డైవింగు చేసే ఫ్లోరిడావాళ్ళు దీన్ని పెంచి పోషించారు. చూడ్డానికి పేదగా ఉంటుంది గానీ ఇంజనీరుగా నాకు నచ్చేది ఇదే. ఏ భాగం పాడైతే ఆ భాగం మార్చుకోవచ్చు. లావైనా సన్నబడ్డా పట్టీ జరుపుకోవచ్చు. నురగ లేదు కాబట్టి దాన్ని ముంచే సీసం అక్కర్లేదు. స్టీలు ప్లేటయితే నడుం మీది సీసంలో రెండు మూడు కేజీలు వీపు మీదికి పోతాయి, నడుం నొప్పివాళ్ళకు మేలు. కానీ పల్చటి చొక్కాతో దిగేవాళ్ళకు స్టీలు ప్లేటు ఒక్కోసారి ఎక్కువ బరువవుతుంది. ఆపదలో విప్పి పారేయడానికి నడుం మీద సీసమే మిగలదు. విమానంలో 15 కేజీల సామాను హద్దు సంగతి సరే సరి. వెచ్చని నీళ్ళకు అల్యూమినియం ప్లేటు, 12 కేజీల లోపు వింగు సరైన జత.

ప్రయాణానికని చేసిన తేలిక రకం కూడా ఉంది. మడిస్తే చిన్న సంచిలో పడుతుంది, రెండు మూడు కేజీల బరువు. ఏడాదికి ఒకటి రెండుసార్లు పోయేవాళ్ళకు అది చాలు. ఆ తేలికతనం కోసం డీ రింగులు, జేబులు తగ్గిస్తారు. తగ్గితేనే మంచిది. ఎల్‌బీ నగర్ మెట్రోలో పొద్దున తొమ్మిదికి బ్యాగు నిండా వేలాడే సామానుతో ఎక్కితే ఎట్లుంటదో, పగడాల మధ్య అన్నీ తగిలించుకొని పోతే అట్లనే ఉంటది. మనకు తగులుకోవడం ఒకటే కాదు, మన గేజీ తగిలి పగడం విరుగుతుంది. అది మళ్ళీ పెరగడానికి ఏళ్ళు పడుతుంది.

కొలత విషయంలో దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద చొక్కా ఎత్తి ఒంటికి ఆనించుకొని "సరిపోతది" అన్నట్టు కొనకండి. సూటు వేసుకొని, సిలిండరు తగిలించి, సంచి నిండా ఊది చూడాలి. ఊదినప్పుడు రొమ్ము బిగుసుకోకూడదు, వదిలినప్పుడు సిలిండరు పక్కలకు జారకూడదు, పైకి జరిగి తలకు తగలకూడదు. మొండెం పొట్టిగా ఉన్న ఆడవాళ్ళకు పురుషుల కొలతవి చంకల్లో ఒరుసుకుంటాయి, వాళ్ళకని వేరే కుట్టినవి అడగండి. భుజం పట్టేసేవాళ్ళు భుజం దగ్గర బకిల్ విడిపోయే రకం తీసుకోండి. పడవలోకి ఎక్కేముందు నీళ్ళలో విప్పేటప్పుడు దాని విలువ తెలుస్తుంది.

వాల్వుల దగ్గర నా వృత్తి బుద్ధి పోనిచ్చుకోలేను. గాలి వదిలే దారులు కనీసం మూడుండాలి: గొట్టం చివర, కుడి భుజం మీద, వెనక నడుం దగ్గర. గాలి ఎప్పుడూ ఎత్తుగా ఉన్న మూలకు చేరుతుంది. తల కిందికి ఉన్నప్పుడు భుజం వాల్వు లాగితే ఏమీ రాదు, నడుం వాల్వు లాగాలి. చేతికి గ్లవ్ లేకపోయినా, కళ్ళు మూసుకున్నా ఎక్కించే బటనేదో వదిలే బటనేదో వేలికి తెలియాలి. కొట్లో కళ్ళు మూసుకొని పదిసార్లు నొక్కి చూడండి. ఎక్కించే బటను ఉప్పు పట్టి తెరుచుకొని ఉండిపోవడం అరుదేమీ కాదు. అప్పుడు గొట్టం కప్లింగు వెనక్కి లాగి ఊడదీయాలి, మరో చేత్తో గాలి వదలాలి. ఆ కప్లింగు మీ వేళ్ళకు సులువుగా ఊడుతుందా లేదా అన్నది నా దృష్టిలో రంగు, బ్రాండుల కన్నా ముందు చూడాల్సిన విషయం. అద్దె జాకెట్టయినా సరే, దిగేముందు ఎగువ వాల్వు బుస్సుమనేదాకా నింపి, పది నిమిషాలు పక్కన పెట్టి మెత్తబడిందేమో చూడండి.

రుషికొండ దగ్గర దిగాలనుకునేవాళ్ళకు ఒక మాట. విశాఖ నీళ్ళలో అండమాన్ అంత దూరం కనబడదు. అడుగు కనబడనప్పుడు మనం లేస్తున్నామో దిగుతున్నామో కంటికి తెలియదు, చెవులూ చేతి కంప్యూటరూ చెప్పాలి. సీసం ఎక్కువున్నవాడికి అక్కడ కష్టం రెట్టింపు.

మరి అందరూ కొనాలా? అండమాన్‌లో మొదటిసారి, ట్రెయినరు వెనక పట్టుకొని దింపే డైవు మాత్రమే చేసేవాళ్ళు ఏమీ కొనకండి. మీ బీసీడీ బటన్లు ఆయన చేతిలోనే ఉంటాయి. సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు మొదట మొహానికి సరిపడే మాస్కు, తర్వాత చేతి కంప్యూటరు కొనండి. ఏటా పది డైవులు దాటినప్పుడు బీసీడీ సంగతి చూద్దాం. కొనేస్తామని పట్టుబట్టినవాళ్ళలో మోకాళ్ళు, నడుం బాగున్నవాళ్ళకు అల్యూమినియం ప్లేటు, చిన్న వింగు. తక్కిన అందరికీ వెనక గాలి నిండే తేలిక ప్రయాణపు రకం. ఇది నా అభిప్రాయం. నా పక్కనే డైవు చేసే మా ఆవిడ ఇప్పటికీ పాత జాకెట్టే వాడుతుంది, నాకంటే నిలకడగా ఉంటుంది కూడా.

మనం 45 దాటినవాళ్ళం. వైద్య పత్రంలో మనకు అదనపు ప్రశ్నలుంటాయి: సిగరెట్టు, కొలెస్టరాల్, బీపీ. నిజం రాయండి. డాక్టరు సంతకం కావాలంటే ఇప్పుడే తెచ్చుకోండి, తిరుగు ప్రయాణానికి ముందు 18 గంటలు డైవు లేకుండా టికెట్లు చూసుకోండి.

వచ్చాక కడగడం చిన్న పని కాదు. లోపలికి మంచినీళ్ళు పోసి, ఊది, కుదిపి, నడుం వాల్వు నుంచి వంచెయ్యాలి. రెండుసార్లు. మేడ మీద ఎండలో ఆరేస్తే గుడ్డ, అతుకులు పాడవుతాయి. నీడలో, సగం ఊది వేలాడదీయండి. మడిచి అటక మీద కుక్కితే లోపల బూజు పడుతుంది, ఆ వాసన మళ్ళీ మీ నోటికే.

యాత్రకు ముందు ఒక ఆదివారం ఈతకొలనులో సీసం లెక్క చూసుకుందామని అనుకున్నాం. బీసీడీ ఉన్నవాళ్ళు తెచ్చుకోండి, సీసం నేను తెస్తాను. అక్కడ వచ్చిన అంకెను అలాగే అండమాన్ తీసుకెళ్ళకండి. కొలనుది మంచినీరు, సముద్రపు నీరు రెండున్నర శాతం బరువెక్కువ. మీరూ, మీ సామానూ కలిపి 100 కేజీలుంటే సముద్రంలో ఇంకో రెండున్నర కేజీలు కలపాలి. బయట బల్ల మీద కాగితం పెట్టాను, పేరు, ఎత్తు, బరువు రాసి వెళ్ళండి. బరువు మాత్రం పెళ్ళినాటిది కాకుండా ఇప్పటిది రాయండి.